కత్తిని కాపాడింది పూత కాదు, మట్టి

చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర దొరికిన కంచు ఆయుధాలు రెండువేల రెండువందల ఏళ్లు మట్టిలో పడివుండి కూడా చిలుము పట్టలేదట. ఎందుకంటే ఆనాటి కంచరులు వాటికి క్రోమ్ పూత పూశారట. ఆ విద్య మళ్లీ జర్మన్లకు 1937లోనూ అమెరికన్లకు 1950లోనూ గాని పట్టుబడలేదట. ఈ మూడు ‘అట’లూ కలిసి ఇప్పుడు ఒక సత్యంగా చలామణీ అవుతున్నాయి. యూట్యూబులో వినిపిస్తుంది, ఫోన్లలో తిరిగే సందేశాల్లో కనిపిస్తుంది, పెళ్లిపందిట్లో పక్కకుర్చీ పెద్దమనిషి కూడా చెబుతాడు. చదువుకున్నవాళ్లు మరీ ధీమాగా, తేదీలతో సహా చెబుతారు. తేదీ ఉంటే అబద్ధానికి కూడా ఆధార్ కార్డు వచ్చినట్టే.

ఈ కథ తప్పు. అంకెల్లో అటూఇటూ అయిన తప్పు కాదు, పునాదే తప్పు. అసలు ఈ తప్పును ముందుగా పసిగట్టాల్సింది నెల్లూరు తీరం వాళ్లమే. మైపాడులోనో కోడూరులోనో తుమ్మలపెంటలోనో సముద్రానికి కూతవేటు దూరంలో ఇల్లు కట్టుకున్నవాణ్ని అడగండి. కిటికీ ఊచలు ఎన్నాళ్లకు పొలుసులు రాలతాయో, కొత్త బండికి చైను ఎప్పుడు బిగుసుకుపోతుందో, దేవుడి గూట్లో ఇత్తడి కుంది ఎన్ని రోజులకు పచ్చబడుతుందో లెక్క చెబుతాడు. అదే కుందిని వాళ్ల వియ్యంకుడు ఆత్మకూరులో పెట్టుకుంటే అంత త్వరగా పచ్చబడదని కూడా చెబుతాడు. లోహం ఒకటే, చేసిన చెయ్యి ఒకటే, తేడా అంతా గాలిదీ నేలదీ. ఇంత తెలిసినవాళ్లం, చైనా కత్తి దగ్గరికి వచ్చేసరికి నేల సంగతి మర్చిపోయి రహస్య విద్య వెంట పడ్డాం.

ముందు ఆ సరుకేమిటో చూద్దాం. 1974లో షియాన్ నగరం పక్కన రైతులు బావి తవ్వుతుంటే మట్టిబొమ్మల సైన్యం బయటపడింది. క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసి, క్రీ.పూ. 210లో చనిపోయిన చిన్ షి హువాంగ్ సమాధికి అది కాపలా దళం. బొమ్మలు మట్టివే గాని చేతుల్లోవి అసలు ఆయుధాలు. బల్లేలు, కర్రకు అడ్డంగా బిగించే కత్తులు, పొడవాటి ఖడ్గాలు, మీట నొక్కితే బాణం వదిలే యంత్రవిల్లుల కంచు భాగాలు, నలభై వేలకు పైగా బాణపు ములుకులు. మొదట్లో పరీక్షించిన చైనా శాస్త్రజ్ఞులకు కొన్నిటి ఉపరితలం మీద క్రోమియం కనిపించింది. అది నిజంగానే కనిపించింది, ఎవరూ కల్పించలేదు. ఆ రోజుల్లో వాళ్ల ముందున్న కొద్ది వస్తువులను బట్టి, ఎవరో కావాలని పూసివుంటారని అనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు. ఊహగా మొదలైనదాన్ని నలభై ఏళ్లపాటు ఎవరూ తిరగేసి చూడకుండా గొప్పగా మోసుకు తిరగడమే తప్పు.

తిరగేసి చూసినవాళ్లు చివరికి వచ్చారు. 2019 ఏప్రిల్‌లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. మార్కోస్ మార్తినోన్ తోరెస్, లీ షియూజెన్, మరికొందరు కలిసి చేసిన పని. ‘పాశ్చాత్యులు ఆసియా ఘనతను ఒప్పుకోలేక రాశారు’ అనబోయేవాళ్లు ఇక్కడే ఆగాలి. ఆ రచయితల్లో ఆ సమాధి మ్యూజియంలోనే పనిచేసే చైనావాళ్లున్నారు. ఆయుధాలను ఏళ్ల తరబడి చేతబట్టుకు చూసినవాళ్లు వాళ్లు. వాళ్లు 464 ఆయుధాలనూ ఆయుధ భాగాలనూ పరీక్షించారు. క్రోమియం చెప్పుకోదగ్గట్టు తగిలింది 37 వాటి మీద. అంటే పన్నెండింటిలో ఒకటి కూడా లేదు. ఒక చక్రవర్తి ఆయుధశాలలో పూత పూసే విద్యే ఉంటే, పన్నెండు కత్తుల్లో పదకొండింటిని మర్చిపోతారా?

అది సరే, పూత కాలక్రమంలో అరిగిపోయి ఉంటుందని వాదించవచ్చు. ఈ వాదన వినడానికి బాగుంటుంది. కాని క్రోమియం ఉన్న చోటు చూస్తే కుప్పకూలుతుంది. అది కనిపించింది అంచుల మీదా వాదర మీదా కాదు. పిడి దగ్గర, ఒర తొడుగుల దగ్గర, బల్లెపు కర్ర అడుగున తొడిగే పొన్ను మీద, బాణపు ములికికి కర్రలో దిగే తోక మీద కనిపించింది. అంటే కర్ర తగిలివున్న చోటల్లా ఉంది, గాలికీ రక్తానికీ ఎదురునిలిచే పదును మీద లేదు. బిందెకు కళాయి పెట్టేవాడు లోపల పెడతాడు, చెవులకు పెట్టి లోపల వదిలేస్తాడా? పైగా ఏ ఆయుధాలు అన్నిటికంటే బాగా తళతళలాడుతున్నాయో వాటిలో చాలావాటి మీద క్రోమియం జాడే లేదు. పూత ఉన్నచోట మెరుపు, లేనిచోట చిలుము ఉంటే పూత కథకు ఒక దారి ఉండేది. ఇక్కడ రెండూ జతపడటమే లేదు.

మరి ఆ కాస్త క్రోమియం ఎక్కడిది? దానికీ జవాబు దొరికింది. చైనాలో ఒక చెట్టు పాలు తీసి, ఆరితే గట్టిపడే వార్నిష్ చేస్తారు. బల్లెపు కర్రలకు, ఒరలకు, పిడులకు అదే పూసేవాళ్లు. మట్టిసైనికులకు రంగులు వేసేముందు కూడా మొదటి పూతగా దాన్నే పూశారు. ఆ వార్నిష్‌ను పరీక్షిస్తే అందులో క్రోమియం దండిగా ఉంది. వేల ఏళ్లలో కర్ర మట్టిలో కలిసిపోయింది, వార్నిష్ పొరలు పొరలుగా రాలింది, అందులోని క్రోమియం పక్కనున్న కంచుకు అంటుకుంది. ఒక మరక అది. ఆ మరకను మనవాళ్లు మహావిద్య అన్నారు. మసిపూసి మారేడుకాయ చేయడం విన్నాం గాని, మసినే మారేడుకాయ అనడం ఇక్కడే చూస్తున్నాం.

మెరుపుకు అసలు కారణాలు చప్పగా ఉంటాయి, అందుకే ఫోన్లలో తిరగవు. ఒకటి, కంచులో తగరం పాలు ఎక్కువ. రెండు, షియాన్ మట్టి. అక్కడి నేల కొంచెం క్షారగుణం కలది, మెత్తని సన్నరేణువుల మట్టి, కుళ్లే ఆకూఅలమూ అందులో తక్కువ. గాలీ నీరూ అంత సులువుగా ఆడవు. పరిశోధకులు దీన్ని మాటతో వదల్లేదు. కంచు నమూనాలు పోతపోసి, కొన్నిటిని షియాన్ మట్టిలోనూ కొన్నిటిని బ్రిటన్ మట్టిలోనూ పాతిపెట్టి, విపరీతమైన వేడిలో, తేమలో నాలుగు నెలలు ఉంచారు. బ్రిటన్ మట్టిలోవి దారుణంగా చెడిపోయాయి. షియాన్ మట్టిలోవి దాదాపు పెట్టినవి పెట్టినట్టే బయటికొచ్చాయి. వాటికి ఏ పూతా లేదు. నా దృష్టిలో ఈ వివాదం ఆ నాలుగు నెలలతోనే ముగిసింది.

ముగిసిందని చెబితే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది. గౌజియన్ కత్తి సంగతేమిటి? అడగాల్సిన ప్రశ్నే. సమాధి సైన్యం కంటే రెండున్నర శతాబ్దాలు పాతది ఆ కత్తి. 1965 డిసెంబరులో హుబే రాష్ట్రపు జియాంగ్‌లింగ్ ప్రాంతంలో నీటికాలువ పనుల దగ్గర ఒక పాత సమాధిలో దొరికింది. పొడవు 55.7 సెంటీమీటర్లు. ఒంటినిండా నల్లటి గళ్ల నగిషీ, పిడి దగ్గర నీలి గాజు, పచ్చరాయి పొదుగు, పక్షుల్లా వంపులు తిరిగే లిపిలో ఎనిమిది అక్షరాలు. యువె రాజ్యపు రాజు గౌజియన్ సొంత వాడకానికి చేయించుకున్నాడని ఆ అక్షరాలు చెబుతాయి. తీసిన రోజున కాగితాలు తెగేంత పదునుగా ఉందని ప్రతీతి. క్రోమ్ కథ చెప్పేవాళ్లు దీన్ని కూడా తమ ఖాతాలో వేసుకుంటారు.

1977లో షాంఘైలోని ఫుదాన్ విశ్వవిద్యాలయంలో కత్తికి గాటు పెట్టకుండా కిరణాలతో పరీక్ష చేశారు. తేలినవి ముఖ్యంగా రాగి, తగరం. కొద్దిగా సీసం, ఇనుము. నల్లటి గళ్లున్న చోట గంధకం. ఇక ఆ సమాధి ఎలాంటిదో చూడండి. లోతుగా తవ్వి, బంకమట్టితో బిగించి, నీరు నిండి గాలి ఆడకుండా ఉండిపోయింది. కత్తి దాని చెక్క ఒరలో బిగుతుగా కూర్చుని ఉంది. గాలి లేకుండా, ఉప్పు తగలకుండా ఉన్న కంచుకు చిలుము పట్టడానికి ఏం మిగిలింది? గౌజియన్‌కు బద్ధశత్రువైన వూ రాజు ఫుచాయ్ పేరున్న బల్లెం కూడా అదే జియాంగ్‌లింగ్ ప్రాంతంలోని మరో సమాధిలో 1983లో దొరికింది, అదీ చక్కగానే ఉంది. బతికుండగా ఒకరి రాజ్యాన్ని ఒకరు నాశనం చేసుకున్న ఇద్దరి ఆయుధాలు పరాయి రాజ్యపు నేలలో ఒకే తీరుగా నిలిచాయంటే, ఆ ఘనత ఎవరిది? ఆ రెండు రాజ్యాల్లోనూ పోసిన కత్తులు వేరే నేలల్లో చిలుముపట్టి, పెళుసుబారి బయటికొచ్చినవీ ఉన్నాయి. వాటి ఫొటోలు మాత్రం ఎవరూ పంపరు.

ఇంకో పిట్టకథ కూడా ఈ గుంపులోదే. మట్టిబొమ్మ కింద నలిగి వంగిపోయిన కత్తి, బొమ్మ ఎత్తగానే టింగుమని నిటారుగా లేచిందట! తగరం అంత మోతాదులో ఉన్న కంచు వంగదు, విరుగుతుంది. నమ్మకపోతే ఇంట్లో ఉన్న పాత కంచు కంచాన్ని గచ్చు మీద పడేసి చూడండి, అమ్మ తిట్లకు నా పూచీ లేదు. గౌజియన్ కత్తికే 1994లో సింగపూర్ ప్రదర్శనలో చిన్న బీట పడింది. రెండువేల నాలుగువందల ఏళ్లు చెక్కుచెదరనిది ఒక ప్రదర్శనలో బీటవారిందంటే దాని బలం ఎక్కడుందో, బలహీనత ఎక్కడుందో అర్థం కావాలి. ఆ తరువాత దాన్ని విదేశాలకు పంపడం మానేశారు.

ఇక మన నేలకు వద్దాం. చైనాకూ నెల్లూరు తీరానికీ నిజంగానే సంబంధం ఉంది. కోట మండలంలోని కొత్తపట్నం దగ్గరా, ఇంకా ఉత్తరాన మోటుపల్లి దగ్గరా చైనా పింగాణీ పెంకులు దొరికాయి. జపాన్ చరిత్రకారుడు నొబొరు కరాషిమా బృందం వాటిని వెతికి పరిశీలించి, 2004లో పుస్తకంగా తెచ్చింది. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట ఓడల్లో దిగిన గిన్నెల ముక్కలవి. ఆకుపచ్చ మెరుగు ఇప్పటికీ పోలేదు. పింగాణీకి మన ఇసుకతో పేచీ లేదు కాబట్టి నిలిచింది. అలాగే 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి పాత గుడి శిథిలాలు తగిలి, అక్కడున్న కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలానివి. టంకశాలలో నిన్న కొట్టినట్టున్నాయని చూసినవాళ్లు రాశారు. చాలా నాణేలను కరిగించేశారు, మిగిలినవాటి కబురు మద్రాసు గవర్నరు దాకా వెళ్లింది. ఆ నాణేలకు రోమన్లు రహస్య పూత పూశారని ఎవరైనా అన్నారా? బంగారం స్వభావమే అంత అని అందరికీ తెలుసు. తెలిసిన లోహం దగ్గర మనకు వివేకం ఉంటుంది, తెలియని లోహం దగ్గరే రహస్యం మొలుస్తుంది.

ఇదే నేలకు ఖడ్గతిక్కన ఉన్నాడు. నెల్లూరేలిన మనుమసిద్ధి దండనాయకుడు, కవి తిక్కనకు జ్ఞాతి. పేరులోనే ఖడ్గం ఉన్న ఆ వీరుడి ఖడ్గం ఏ మ్యూజియంలో ఉంది? ఎక్కడా లేదు. అది ఇనుము, ఇది ఉప్పుగాలి. గౌజియన్ కంచరి గొప్పవాడూ తిక్కన కమ్మరి చేతకానివాడూ అని దీనికి అర్థమా? పూత కథను నమ్మితే అలాగే అనుకోవాల్సి వస్తుంది. నేలను లెక్కలోకి తీసుకోని ప్రతి పోలికా చివరికి ఎవరో ఒక పనివాడిని అన్యాయంగా తక్కువ చేస్తుంది.

ఉప్పు కంచును ఎలా తింటుందో కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే అసలు రసాయనమంతా ఇక్కడే ఉంది, పూత కథ దాచేదీ దీన్నే. ఉప్పులోని క్లోరైడు రాగితో కలిసి ముందు ఒక బూడిదరంగు మైనంలాంటి పొర కడుతుంది. అది పైకి కనిపించదు, చిలుము కింద దాక్కుంటుంది. తేమా గాలీ తగిలితే చాలు, అది విడిపోయి లేత ఆకుపచ్చ పొడిగా ఉబ్బి పైకి వస్తుంది. ఆ విడిపోవడంలోనే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం కింది రాగిని మళ్లీ కొరుకుతుంది. మళ్లీ పొర, మళ్లీ పొడి. ఒకసారి మొదలైతే బయటినుంచి కొత్తగా ఉప్పు చేరకపోయినా సాగుతూనే ఉంటుంది. మ్యూజియంవాళ్లు దీన్ని కంచుజబ్బు అంటారు. నున్నగా ఉన్న విగ్రహం భుజం మీద పచ్చటి పొడి చుక్క కనిపిస్తే వాళ్లకు గుండె ఝల్లుమంటుంది. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో 1930లలో పరమశివన్ అనే రసాయనవేత్త విద్యుత్తు సాయంతో ఈ క్లోరైడును కంచు బొమ్మల నుంచి లాగేసే పద్ధతిని నడిపాడు. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఆయన పోరాడింది రహస్యాలతో కాదు, సముద్రపు గాలితో.

ఆ గాలి తగిలే మన తీరంలో ఉత్సవాల కంచు ఆయుధం ఒకటుంది. గుడిగుడికీ ఉంది. విష్ణువు గుళ్లో చక్రత్తాళ్వారు, శివాలయంలో అస్త్రరాజైన త్రిశూలం. యుద్ధానికి ఎన్నడూ వెళ్లని, వెళ్లనక్కర్లేని ఆయుధాలు ఇవి. బ్రహ్మోత్సవాల చివర చక్రాన్ని ఏటికో కోనేటికో సముద్రానికో తీసుకెళ్లి ముంచుతారు. తీరపు ఊరి గుడి ఒకదాంట్లో చక్రస్నానం అయ్యాక జరిగేది దగ్గరినుంచి చూశాను. జనమంతా తలమీద నీళ్లు చల్లుకుని ప్రసాదానికి వెళ్లిపోయారు. అర్చకస్వామి చక్రాన్ని మంచినీళ్లతో ఒకటికి నాలుగుసార్లు కడిగారు. పొడి పంచె కొంగుతో తుడిచారు. చక్రం అంచున జ్వాలలు చెక్కివున్నాయి, ఆ జ్వాలల సందుల్లోకి కొంగు దూరదు. చీపురుపుల్లకు గుడ్డపీలిక చుట్టి ఒక్కో సందులోనూ తిప్పి తడి తీశారు. పని ఎందుకంత నెమ్మదిగా అని అడిగితే తల ఎత్తకుండానే చెప్పారు: “ఉప్పునీళ్లు సందులో చుక్క మిగిలినా రేపటికి పచ్చగా లేస్తుంది నాయనా. మా నాయన తిట్టి తిట్టి నేర్పించాడు.” ఆ చక్రం ఎప్పటిదో నాకు తెలియదు, కాని సముద్రం పక్కన అది నిలిచింది ఆ చీపురుపుల్ల వల్ల. పంచలోహం కాబట్టి ఏమీ కాదని ఎవరన్నా అంటే ఆ అర్చకుడు నవ్వుతాడు.

పంచలోహానికి ఏమీ కాదన్న నమ్మకం మనవైపు క్రోమ్ పూత కథకు కవల. దానివల్ల నష్టం మాటల్లో ఆగదు. ఏమీ కాదనుకున్నవాళ్లే విగ్రహాన్ని చింతపండు పులుసుతోనూ, బజారులో దొరికే ఆమ్లపు పొడులతోనూ తోమి తోమి ముక్కూచెవులూ నున్నగా చేస్తారు. తోమినప్పుడు బంగారంలా మెరుస్తుంది, వారంలో మళ్లీ పచ్చబడుతుంది, మళ్లీ తోముతారు. లోహం కొంచెం కొంచెంగా నీళ్లలో పోతుంది. లోహం మహిమ మీద నమ్మకం ఉన్నచోట గది తేమ గురించి ఎవరూ ఆలోచించరు.

ఢిల్లీ ఇనుపస్తంభం ఈ వంశానికి పెద్దకొడుకు. పదహారువందల ఏళ్లు తుప్పు పట్టలేదంటే అదేదో మహర్షుల విద్య అన్నారు, గ్రహాంతరవాసుల పని అన్నవాళ్లూ ఉన్నారు. కాన్పూర్ ఐఐటీ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం ఏళ్ల తరబడి పరిశోధించి తేల్చింది వేరు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ, దానివల్ల ఉపరితలం మీద పల్చటి రక్షక పొర కడుతుంది, ఢిల్లీ గాలిలోని తడీపొడీ ఆ పొరకు అనుకూలించాయి. అది కూడా అసలు తుప్పే, కాకపోతే మంచి తుప్పు. మరి కోణార్క్ గుడి ఇనుప దూలాలు? అవీ మన దేశపు కమ్మరుల పనే, ఢిల్లీ స్తంభం కంటే ఎన్నో శతాబ్దాలు చిన్నవి. సముద్రం పక్కన ఉండి తుప్పు పొరలు తేలాయి.

ఇక్కడ నా ప్రత్యర్థుల వాదనల్లో గట్టిదాన్ని ఎదుర్కోవాలి. ‘కథ కొంచెం పెంచి చెప్పినా ఏం పోయింది? తెల్లవాళ్లు వచ్చేదాకా ఆసియావాళ్లకు ఏమీ రాదని బళ్లో నేర్పారు కదా, దానికి ఇది విరుగుడు కదా’ అంటారు. ఈ బాధ నిజమైనదే, దీన్ని నేను ఎగతాళి చేయను. కాని ఈ విరుగుడు విషాన్నే మళ్లీ తాగిస్తోంది. ఆలోచించండి. మన పూర్వీకుల గొప్పతనానికి కొలబద్ద ఏమిటంటున్నారు? జర్మన్లు 1937లో చేసినదాన్ని ముందే చేయడం. అంటే గొప్పంటే ఏమిటో నిర్ణయించేవాడు ఇప్పటికీ జర్మనే. అతను కనిపెట్టనిదాన్ని మనవాడు చేసివుంటే అది లెక్కలోకే రాదు.

చిన్ కంచరులు నిజంగా చేసింది చూడండి, అందులో క్రోమ్ ఎక్కడా అవసరం లేదు. బాణపు ములికికి తల ఒక మిశ్రమం, తోక ఒక మిశ్రమం. గుచ్చుకునే తలలో తగరం ఎక్కువ వేశారు, గట్టిగా ఉండాలని. కర్రలో దిగే తోకలో తగ్గించారు, బాణం తగిలిన ఊపుకు విరగకూడదని. ఆ తేడాను నలభై వేల ములుకుల మీద నిలబెట్టారు, వందేసి చొప్పున అమ్ములపొదుల్లో సర్ది పెట్టారు. అంచుల మీద నూరిన గీతలను సూక్ష్మదర్శినిలో చూస్తే సమాంతరంగా, ఒకే వాలులో ఉన్నాయి. తిరిగే సానరాయి వాడారని పరిశోధకుల అభిప్రాయం. ఇవి అలంకారానికి బొమ్మ చేతిలో పెట్టిన ఉత్తుత్తి కత్తులైతే ఇంత నూరడం దేనికి? సమాధికి ఇచ్చినవి కూడా యుద్ధానికి పనికొచ్చేవే ఇచ్చారు.

యంత్రవిల్లుల మీటలు మరీ ముచ్చట. ఒక్కో మీటలో కొన్ని కంచు ముక్కలు ఒకదానిలో ఒకటి ఇమడాలి. వాటి కొలతలను లీ షియూజెన్ బృందం ముక్కముక్కగా కొలిచి, ఏవేవి ఒకే అచ్చుల జట్టులోంచి వచ్చాయో గుర్తుపట్టింది. దాన్నిబట్టి పని జరిగిన తీరు ఒకే పొడవాటి వరుసలో ఒక్కొక్కడూ ఒక్కో ముక్క చేయడం కాదు. చిన్న చిన్న బృందాలు, ఒక్కో బృందం తమ పనిని మొదటినుంచి చివరిదాకా చేసి పూర్తి వస్తువును అప్పజెప్పడం. ఆయుధాల మీద చెక్కిన రాతలు ఇంకా గట్టి సాక్ష్యం. ఏ ఏడు చేశారు, ఏ మంత్రి హయాం, ఏ కర్మశాల, ఏ పనివాడు. ప్రధానమంత్రి ల్యూ బువెయ్ పేరు చెక్కిన, కర్రకు బిగించే కత్తులు ఆ గుంటల్లోనే ఉన్నాయి. మంత్రి పేరు కిందే, చెమట కార్చినవాడి పేరూ ఉంది. అది గౌరవం కోసం కాదని నాకు తెలుసు, కత్తి విరిగితే ఎవడి వీపు పగలాలో తెలియడం కోసం. అయినా పేరు ఉంది. మనవైపు గుళ్లలో రాజుల శాసనాలు చదివి చదివి కళ్లు కాయలు కాచినవాడికి, పనివాడి పేరు లోహం మీద కనబడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. క్రోమ్ కథ చెప్పేవాడు ఈ పేర్లలో ఒక్కటైనా చెప్పడు. అతనికి జర్మనీ పేరు, అమెరికా పేరు మాత్రమే కావాలి.

ఇంకా వెనక్కి పోతే ఆన్‌యాంగ్ దగ్గర 1976లో తవ్విన ఫు హావో సమాధి ఉంది. సుమారు క్రీ.పూ. 1200 నాటి రాణి, తానే సైన్యాన్ని నడిపించిన దండనాయకురాలు. ఆమెతో పాటు పాతిన 468 కంచు వస్తువుల్లో వందకు పైగా ఆయుధాలే. అందులో రెండు పెద్ద గొడ్డళ్లు, ఒక్కోటి తొమ్మిది కిలోలకు అటూఇటూ. ఒకదాని మీద మనిషి తలను రెండు పులులు నోట పట్టబోతున్నట్టు నగిషీ. ఎత్తి తిప్పడానికి కాక, ఎవరి చేతిలో చంపే అధికారం ఉందో నలుగురికీ చూపించడానికి చేసినవి. అవి ఇవాళ పచ్చగా చిలుముపట్టి ఉన్నాయి. మెరవకపోవడం వల్ల వాటి పోతపని ఏమన్నా తగ్గిందా? మట్టి అచ్చులను ముక్కలుగా చేసి, జతకూర్చి, మధ్యలో కరిగిన కంచు పోసి, ఆ పులుల మీసాల దాకా తేల్చిన పని అది. మెరుపును కొలతగా పెట్టుకుంటే ఫు హావో గొడ్డలి చైనా కంచుపనిలో వెనకబడిన సరుకు కింద లెక్క. ఇంతకంటే వికారమైన కొలత ఇంకొకటి ఉండదు.

నాకు తోచిన పని ఒకటుంది, ఖర్చు పెద్దగా లేదు. కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది, జిల్లాలో డిగ్రీ కాలేజీలకు కొదవ లేదు. రసాయనశాస్త్రం చదివే పిల్లలు తగరం పాలు మార్చి నాలుగు రకాల కంచు బిళ్లలు పోయించాలి. మైపాడు ఇసుకలో కొన్ని, రొయ్యల గుంట గట్టున కొన్ని, ఇసకపల్లి ఉప్పుమడుల పక్కన కొన్ని, పెన్న ఒండ్రులో కొన్ని, ఉదయగిరి వైపు ఎర్రనేలలో కొన్ని పాతాలి. ప్రతి చోటా మట్టి క్షారగుణం, క్లోరైడు, తేమ ముందే కొలిచి రాసుకోవాలి. పాతేముందు ఒకసారి, తీసి చిలుమంతా వదలగొట్టాక ఒకసారి తూకం వేస్తే చాలు, ఏ నేల ఎంత తిన్నదో గ్రాముల్లో తెలుస్తుంది. క్రోమ్ కథ చెప్పేవాళ్లకు కూడా ఆహ్వానమే. వాళ్లు కంచుకు చెట్టుపాల వార్నిష్ పూసి, దాన్నే రహస్య పూత అనుకుని, మైపాడు ఇసుకలో పక్కనే పాతుకోవచ్చు. రెండూ ఒకే రోజున తవ్వుదాం.